పైసా తేడా ఎక్కడిది? డబుల్, డెసిమల్, పూర్ణాంకం: దేనికి ఏది వాడాలి

హోటల్ బిల్లు 107 రూపాయలు. దాని మీద సీజీఎస్టీ 2.5 శాతం, ఎస్‌జీఎస్టీ 2.5 శాతం. కాగితం మీద వేస్తే ఒక్కో పన్ను 2.675 రూపాయలు, పైసల్లోకి సర్దితే 2.68. ఇదే లెక్కను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో మామూలు దశాంశ సంఖ్యలతో రెండు రకాలుగా రాసి చూడండి. 107 × 0.025 అని రాస్తే 2.6750000000000003 వస్తుంది, రౌండ్ చేస్తే 2.68. 107 × 2.5 / 100 అని రాస్తే తెర మీద 2.675 అనే కనపడుతుంది, రౌండ్ చేస్తే మాత్రం 2.67. బిల్లు ఒకటే, సూత్రం ఒకటే, జవాబులు రెండు. బిల్లింగ్ స్క్రీన్ ఒకరు, నెలాఖరు రిపోర్టు ఇంకొకరు రాసి ఉంటే ఆ రెండు మొత్తాలు ఏ నెలా కలవవు. తప్పు ఎవరిదని వెతికితే ఇద్దరి కోడూ సరిగ్గానే కనిపిస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది అడిగే ప్రశ్న "ఏ టైప్ (కంప్యూటర్ సంఖ్యను దాచే రకం) ఎక్కువ కచ్చితం?" అని. దానికి జవాబు దొరికినా పని జరగదు. ముందు తేల్చుకోవాల్సింది, మీ చేతిలో ఉన్న అంకె లెక్కపెట్టినదా, కొలిచినదా అని. రూపాయలు, పైసలు, యూనిట్లు, ఓట్లు, మార్కులు లెక్కపెట్టినవి. వాటికి సరైన జవాబు ఒక్కటే ఉంటుంది, ఎవరైనా కాలిక్యులేటర్ పట్టుకుని సరిచూస్తారు. ఉష్ణోగ్రత, దూరం, వోల్టేజి, బరువు కొలిచినవి. కొలిచే పరికరంలోనే తేడా ఉంటుంది కాబట్టి పదహారో అంకె గురించి ఎవరూ తగవు పడరు. కొలిచిన వాటికి డబుల్ (బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే దాచే రకం; పైన పైథాన్ వాడింది ఇదే), లెక్కపెట్టిన వాటికి పూర్ణాంకం లేదా డెసిమల్ (మనం రాసే పది అంకెల పద్ధతిలోనే దాచే రకం). ఇంతవరకు సులువే. చిక్కులన్నీ ఆ తర్వాత మొదలవుతాయి.

0.1 ఎందుకు ఇమడదు

పది అంకెల పద్ధతిలో 1ని 3తో భాగిస్తే 0.3333 అంటూ సాగుతూనే ఉంటుంది. బైనరీలో 1ని 10తో భాగించినా అదే గతి. భిన్నాన్ని కుదించాక హారంలో 2 తప్ప ఇంకే ప్రధాన కారణాంకం లేకపోతేనే బైనరీలో సరిగ్గా కూర్చుంటుంది. 5 చేరిందంటే తెగదు. ఈ లెక్కన రూపాయిలోని 0 నుంచి 99 పైసల్లో 0, 25, 50, 75 ఈ నాలుగే డబుల్‌లో ఉన్నది ఉన్నట్టు నిలుస్తాయి. మిగతా 96 ఉజ్జాయింపులే. మీరు 0.1 అని రాస్తే లోపల ఉండేది 0.1000000000000000055511 అంటూ సాగే సంఖ్య. 2.675 అని రాస్తే ఉండేది 2.67499999999999982. అది 2.67కి దిగడంలో రౌండ్ ఫంక్షన్ తప్పేమీ లేదు, దానికి అందిన సంఖ్యే 2.675 కంటే తక్కువ.

ఈ పద్ధతికి ప్రమాణం ఐఈఈఈ 754. 1985లో వచ్చింది, దాని వెనక ముఖ్యుడు విలియం కహాన్, 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. డబుల్‌లో 64 బిట్లు: గుర్తుకు 1, ఘాతానికి 11, మిగతా 52 అంకెలకు. మన లెక్కలో 15 అంకెల దాకా నమ్మొచ్చు. దాని చిన్న రూపమైన ఫ్లోట్‌లో 32 బిట్లే, నమ్మదగ్గవి 6 లేదా 7 అంకెలు.

ఫ్లోట్: డబ్బు దగ్గరికి రానివ్వకండి

దీనికి ఎక్కువ చర్చ అక్కర్లేదు. 1,31,072 రూపాయలు దాటగానే ఫ్లోట్‌లో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం 0.0156 రూపాయలు అవుతుంది. అంటే లక్షన్నర బిల్లులో దానికి పైసా కనపడదు. 1,67,77,216 దగ్గర ఒకటి కలిపినా అదే సంఖ్య మిగులుతుంది, కౌంటర్‌గా వాడితే అక్కడే నిలిచిపోతుంది. మ్యాపుల్లోనూ ఇదే బాధ. రెండు తెలుగు రాష్ట్రాల రేఖాంశాలు 76 నుంచి 85 డిగ్రీల మధ్య ఉంటాయి. ఆ పరిధిలో ఫ్లోట్ ఎడం నేల మీద దాదాపు 80 సెంటీమీటర్లు. ఆటో ఎక్కడుందో చూపించడానికి చాలు, పొలం గట్టు హద్దు గీయడానికి చాలదు. డబుల్‌లో ఆ ఎడం మిల్లీమీటర్‌లో లక్షోవంతు కూడా ఉండదు. గ్రాఫిక్స్‌లో, ఏఐ మోడళ్ల శిక్షణలో మెమరీ ఆదా కోసం ఫ్లోట్, ఇంకా చిన్న 16 బిట్ల రకాలు వాడతారు, అక్కడ అది సబబే.

డబుల్: కొలతలకు ఇదే, డబ్బుకు మాత్రం ఇదిగో చిక్కు

డబుల్‌కు పైసా కనపడకపోవాలంటే మొత్తం 70 లక్షల కోట్ల రూపాయలు దాటాలి. కాబట్టి "పెద్ద మొత్తాలకు డబుల్ చాలదు" అనే భయం అనవసరం. దెబ్బ మూడు చోట్ల తగులుతుంది: సగం పైసా దగ్గర రౌండ్ చేసేటప్పుడు, రెండు విలువలు సమానమా అని పోల్చేటప్పుడు, పూర్ణాంకంగా కోసేటప్పుడు. మూడోది అన్నిటికంటే ఎక్కువ కనిపిస్తుంది. 19.99 × 100 అంటే డబుల్‌లో 1998.9999999999998. దాన్ని పూర్ణాంకంగా మార్చగానే 1998 మిగులుతుంది. పేమెంట్ గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో అడుగుతాయి కాబట్టి కోడ్‌లో సరిగ్గా ఆ వరుస దగ్గరే పైసా పోతుంది. అక్కడ కోయకుండా దగ్గరి పూర్ణాంకానికి రౌండ్ చేస్తే బయటపడతారు. అంతకంటే మంచిది, వాడుకరి టైప్ చేసిన "19.99" అనే స్ట్రింగ్‌ను చుక్క దగ్గర విడదీసి నేరుగా పైసలు చేయడం.

పోల్చేటప్పుడు సమానమా అని అడగకుండా తేడా ఎంత అని అడగాలి. ఆ "ఎంత" అనేది విలువ పరిమాణాన్ని బట్టి ఉండాలి. పైథాన్‌లో ఈజ్‌క్లోజ్ ఫంక్షన్ సాపేక్షంగా వందకోట్లలో ఒకవంతు తేడాను ఒప్పుకుంటుంది, కానీ సున్నాతో పోల్చితే ఆ సాపేక్షం పనిచేయదు. నిరపేక్ష హద్దు మీరే ఇవ్వాలి.

మొత్తాలు కూడేటప్పుడు ఇంకో సంగతి. 0.1ని లూప్‌లో పదిసార్లు కూడితే 0.9999999999999999 వస్తుంది. పైథాన్ 3.12 నుంచి సమ్ ఫంక్షన్ పోయిన భాగాన్ని గుర్తుపెట్టుకుని కూడుతుంది, అందులో 1.0 వస్తుంది. పాత సర్వర్ ఒకటి, కొత్తది ఒకటి పక్కపక్కన నడుస్తుంటే ఒకే రిపోర్టు రెండు రకాలుగా రావచ్చు. వెర్షన్ మారితే లెక్క మారుతుందని ఎవరికి తడుతుంది?

పైసల్లో పూర్ణాంకం: నా మొదటి ఎంపిక, షరతులతో

కరెన్సీ ఒకటే, పైసా కంటే కిందికి దిగే అవసరం లేదు అంటే 64 బిట్ల పూర్ణాంకంలో పైసలు పెట్టుకోవడం కంటే శుభ్రమైన దారి లేదు. వేగం, చిన్న కాలమ్, ఏ భాషలోనైనా ఒకే జవాబు. 32 బిట్లు మాత్రం వద్దు: గరిష్ఠం 2,14,74,83,647 పైసలు, అంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షల పైచిలుకు రూపాయలు. ఓ మోస్తరు టోకు వ్యాపారి ఏడాది మొత్తానికే దాటిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్య అంటే డబులే. అందులో పూర్ణాంకాలు 9,00,71,99,25,47,40,992 దాకా తేడా లేకుండా నిలుస్తాయి, పైసల్లో చూస్తే 90 లక్షల కోట్ల రూపాయలు. పర్వాలేదు.

మొదటి బిల్లునే ఇందులో వేద్దాం. 107 రూపాయలు అంటే 10700 పైసలు. 2.5 శాతాన్ని వెయ్యికి 25గా రాసుకోండి. 10700 × 25 = 2,67,500. భాగించబోయే 1000లో సగం చేరిస్తే రౌండ్ అవుతుంది కాబట్టి 500 కలపండి: 2,68,000. 1000తో పూర్ణాంక భాగహారం: 268 పైసలు. దశాంశ బిందువు ఎక్కడా రాలేదు.

ఇప్పుడు అదే బిల్లు రద్దయి డబ్బు వెనక్కి ఇవ్వాలి. మైనస్ 2,67,500కు 500 కలిపితే మైనస్ 2,67,000. భాగిస్తే మైనస్ 267. తీసుకున్నది 268, తిరిగిచ్చింది 267. ఒక పైసా ఖాతాలో వేలాడుతూ ఉండిపోతుంది. కాబట్టి గుర్తును పక్కన పెట్టి ధన సంఖ్య మీద లెక్క చేసి, చివర మైనస్ తగిలించాలి. జావాస్క్రిప్ట్, జావా రెండింటిలోనూ మ్యాథ్ రౌండ్ ఫంక్షన్ మైనస్ 2.5ను మైనస్ 2 చేస్తుంది. జావాలోని డెసిమల్ టైప్ అయిన బిగ్‌డెసిమల్‌లో "హాఫ్ అప్" (సగం వస్తే పైకి) మాత్రం మైనస్ 3 చేస్తుంది. "అప్" అంటే ఒకరికి పైకి, ఇంకొకరికి సున్నాకు దూరంగా. పేరు చూసి నమ్మకూడదు.

పంపకాలప్పుడు కూడా జాగ్రత్త. వంద రూపాయలు ముగ్గురికి పంచితే 33.33 చొప్పున వేసి చేతులు దులుపుకుంటే పైసా మాయం. 3333, 3333, 3334 అని మిగులును ఒకరికి కేటాయించాలి, ఎవరికన్నది నియమంగా రాసి పెట్టుకోవాలి.

షరతు ఏమిటంటే, రూపాయికి వంద భాగాలు అనేది అన్ని చోట్లా చెల్లదు. కువైట్ దీనార్‌కు 1000 ఫిల్స్, జపాన్ యెన్‌కు చిల్లరే లేదు. కువైట్ నుంచి కడపకో గోదావరి జిల్లాలకో డబ్బు పంపే యాప్ రాస్తూ 100తో భాగించడం కోడ్ అంతా చల్లేశారనుకోండి, ప్రతి మొత్తం పదిరెట్లు తప్పుతుంది. కరెన్సీ కోడ్‌ను మొత్తంతో పాటే ఉంచి, ఎన్ని దశాంశాలో పట్టికలోంచి తీసుకోండి.

డెసిమల్: స్థానాలు మారుతూ ఉంటే

మ్యూచువల్ ఫండ్ తీసుకోండి. ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) నాలుగు దశాంశాలు, యూనిట్లు మూడు, డబ్బు రెండు. ఎన్ఏవీని యూనిట్లతో హెచ్చిస్తే ఏడు దశాంశాలు. ఇలా స్థాయిలు మారేచోట పూర్ణాంకాలతో కుస్తీ పడితే ఎక్కడో ఒకచోట వెయ్యికి బదులు వంద పడుతుంది. పెట్రోలు ధర, బంగారం గ్రాముల లెక్క, విదేశీ మారకం కూడా ఈ కోవలోవే. వీటికి డెసిమల్ సరైనది.

కానీ డెసిమల్ కూడా మాయ కాదు. 1ని 3తో భాగిస్తే అక్కడా తెగదు. జావా బిగ్‌డెసిమల్‌లో ఎన్ని స్థానాలో చెప్పకుండా అలా భాగిస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. పైథాన్ 28 అంకెల దగ్గర ఆపేస్తుంది. ఆ 28 మొత్తం అంకెలు, దశాంశ బిందువు తర్వాతివి కావు. రెండు స్థానాలకు తేవడానికి క్వాంటైజ్ వాడాలి. సీ షార్ప్ డెసిమల్ 128 బిట్లు, 28 లేదా 29 అంకెలు. బ్యాంకు అప్లికేషన్లకు సరిపోయేంత.

డెసిమల్‌ను పాడుచేసే తప్పు ఒకటుంది. బిగ్‌డెసిమల్‌కు కొటేషన్లు లేకుండా 0.1 ఇస్తే అది ముందు డబుల్ అవుతుంది, ఆ చెత్త అంకెలన్నీ నమ్మకంగా డెసిమల్‌లోకి వస్తాయి. పైథాన్‌లోనూ అంతే. ఎప్పుడూ స్ట్రింగ్‌గానే ఇవ్వండి. జావాలో ఇంకో వింత: 2.0, 2.00 ఈక్వల్స్‌తో పోల్చితే సమానం కావు, స్థానాలు వేరు కాబట్టి. కంపేర్‌టు వాడితేనే సున్నా వస్తుంది. హ్యాష్‌మ్యాప్‌లో కీలుగా పెట్టినవాళ్లు ఇక్కడే పడతారు.

వేగం గురించి: మామూలు ప్రాసెసర్లలో డెసిమల్ లెక్క సాఫ్ట్‌వేర్‌లో జరుగుతుంది, డబుల్ కంటే బాగా నెమ్మది. రోజుకు లక్ష బిల్లులకు అది పట్టదు, కోట్ల అనుకరణలు నడిపే రిస్క్ మోడల్‌కు పడుతుంది. అక్కడ డబుల్ వాడి, చివరి జవాబును మాత్రమే డెసిమల్ చేయండి.

భిన్నాల టైప్ గురించి ఒక్క మాట: పైథాన్‌లో ఫ్రాక్షన్ ఉంది, 1/3ని 1/3గానే ఉంచుతుంది. లెక్క సాగేకొద్దీ హారం ఉబ్బిపోతుంది. టెస్టుల్లో సరైన జవాబు తేల్చడానికి బాగుంటుంది, నడిచే సర్వర్‌లో వద్దు.

డేటాబేస్ దాకా వచ్చాక

కోడ్‌లో డెసిమల్, టేబుల్‌లో ఫ్లోట్ కాలమ్ ఉంటే పడిన శ్రమంతా వృథా. మైఎస్‌క్యూఎల్‌లో డెసిమల్ అని ఊరికే రాస్తే 10 అంకెలు, సున్నా దశాంశాలు అని అర్థం. పైసలన్నీ ఎగిరిపోతాయి. 15,2 అనో, మీకు కావలసినన్నో స్పష్టంగా రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ అని ఊరికే రాస్తే ఇచ్చిన దశాంశాలన్నీ ఉంచుకుంటుంది. ఎస్‌క్యూలైట్‌లో అసలు డెసిమల్ టైపే లేదు. కాలమ్‌కు ఆ పేరు పెట్టనిస్తుంది, లోపల డబులే దాస్తుంది. మొబైల్ యాప్ రాసేవాళ్లు అక్కడ పైసల పూర్ణాంకమే వాడాలి.

జేసన్‌లో (సర్వర్, బ్రౌజర్ మధ్య డేటా పంపే రూపం) సంఖ్యగా పంపితే బ్రౌజర్ దాన్ని డబుల్‌గా చదువుతుంది. స్ట్రింగ్‌గానో పైసల పూర్ణాంకంగానో పంపండి. పెద్ద ఐడీలకూ ఇదే వర్తిస్తుంది. ఎక్సెల్ 15 అంకెలే ఉంచుతుంది, 16 అంకెల కార్డు నంబరు అతికిస్తే చివరి అంకె సున్నా అవుతుంది. అలాంటివి సంఖ్యలే కావు, టెక్స్ట్ కాలమ్‌లో పెట్టండి.

ఎక్కడ రౌండ్ చేయాలి, ఎలా

టైప్ ఏదైనా సరే, ఇది తేల్చకపోతే పైసా తేడా పోదు. 107 రూపాయల బిల్లునే చూడండి. రెండు పన్నులూ విడివిడిగా రౌండ్ చేస్తే 2.68 + 2.68 = 5.36. కలిపి 5 శాతం వేస్తే 5.35. రెండూ కచ్చితమైన లెక్కలే, డెసిమల్ వచ్చి దీన్ని తీర్చదు. వరుసకు రౌండ్ చేయాలా, బిల్లు మొత్తానికా అనేది అకౌంటెంట్‌ను అడిగి, ఒక్క ఫంక్షన్‌లో రాసి, అందరూ దాన్నే పిలవాలి.

పద్ధతి కూడా ముఖ్యం. 105 రూపాయల మీద 2.5 శాతం సరిగ్గా 2.625, ఇది డబుల్‌లో కూడా తేడా లేని సంఖ్య. అయినా పైథాన్ రౌండ్ 2.62 ఇస్తుంది, ఎందుకంటే సగం వస్తే సరిసంఖ్య వైపు వెళ్లడం దాని అలవాటు. సీ షార్ప్ మ్యాథ్ రౌండ్ కూడా అంతే. సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం కట్టాల్సిన పన్నును దగ్గరి రూపాయికి సర్దాలి, 50 పైసలు లేదా ఆపైన ఉంటే పై రూపాయి, తక్కువైతే వదిలేయాలి. పైసల దగ్గరా వ్యాపారులు పాటించేది ఆ "సగం వస్తే పైకి" పద్ధతే. కాబట్టి భాష ఇచ్చే డిఫాల్ట్‌కు వదలకుండా పద్ధతిని పేరుతో రాయండి. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ సగాన్ని సున్నాకు దూరంగా తీసుకెళ్తుంది, డబుల్ సాధారణంగా సరిసంఖ్య వైపు వెళ్తుంది. ఒకే డేటాబేస్‌లో రెండు నడకలు.

రౌండ్ చేయకుండా ప్రతిసారీ కోసేస్తే ఏమవుతుందో వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజి చూసింది. 1982లో 1000 దగ్గర మొదలైన సూచీని ప్రతి లావాదేవీకీ మూడు దశాంశాల దగ్గర కోస్తూ పోయారు. 1983 నవంబరుకు అది 524 దగ్గరికి జారింది. సరిగ్గా లెక్కేస్తే 1098. మార్కెట్ పెరుగుతుంటే సూచీ సగానికి పడింది.

కాలం కూడా లెక్కపెట్టేదే అని మర్చిపోతాం. 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో పేట్రియాట్ రక్షణ వ్యవస్థ ఒక క్షిపణిని అడ్డుకోలేకపోయింది, 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. గడియారం సెకనులో పదోవంతులను పూర్ణాంకంగానే లెక్కపెట్టింది. దాన్ని సెకన్లు చేయడానికి 24 బిట్ల దగ్గర కోసిన 0.1తో హెచ్చించారు. వంద గంటల తర్వాత తేడా 0.34 సెకను. టైమర్లు మిల్లీసెకన్ల పూర్ణాంకంగా ఉంచండి, 0.1 చొప్పున కూడకండి.

రెండూ కలిసే చోటు: ఈఎంఐ

వాయిదా సూత్రంలో ఘాతం ఉంటుంది, అక్కడ డెసిమల్ పట్టుదల దండగ. లక్ష రూపాయలు, నెలకు 1 శాతం, 12 వాయిదాలు: డబుల్‌లో వేస్తే 8884.8789, ఒకసారి రౌండ్ చేసి 8884.88గా స్థిరం చేయండి. ఆ తర్వాత నెలనెలా వడ్డీ, అసలు, మిగులు అన్నీ పైసల పూర్ణాంకంలో నడపాలి, ప్రతి నెల వడ్డీని రౌండ్ చేయాలి. చివరి వాయిదా సూత్రం నుంచి తీసుకోకూడదు. అప్పటికి మిగిలిన అసలు, ఆ నెల వడ్డీ కలిపి ఎంతైతే అంత. కొద్ది పైసలు అటో ఇటో ఉంటుంది. చివర మిగులు సరిగ్గా సున్నా కావాలి, దాదాపు సున్నా ఒప్పుకోకండి.

ఉన్న కోడ్‌ను మార్చేటప్పుడు

ముందు డేటాబేస్‌లో కొత్త కాలమ్ చేర్చి, పాత డబుల్ విలువలను దగ్గరి పైసాకు రౌండ్ చేసి నింపండి. కోయకండి. తర్వాత రౌండ్ ఫంక్షన్ ఒక్కటి చేసి, పాత కోడ్‌లో రౌండ్ అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి దానికి మళ్లించండి. బయటి ప్రోగ్రాములతో మాట్లాడే ఏపీఐని చివర మార్చండి. కొన్ని వారాలు పాత, కొత్త లెక్కలు రెండూ నడిపి, తేడా వచ్చిన బిల్లులను పక్కన రాసుకోండి. అందులో చాలావరకు పాత తప్పులే బయటపడతాయి, అప్పటికే దాఖలైన బిల్లులను మాత్రం తిరగరాయకూడదు.

టెస్టులకు ఈ అంకెలు పెట్టుకోండి. 107 మీద 2.5 శాతం: 2.68. 105 మీద: 2.63. మైనస్ 107 మీద: మైనస్ 2.68. "19.99" పైసల్లో: 1999. వంద రూపాయలు ముగ్గురికి పంచి మళ్లీ కూడితే: 10000 పైసలు. ఒక దీనార్: 1000 ఫిల్స్.